అత్తమ్మ మాట మారిస్తేనే వీడియో బాగుంటుందా?

ఈ సంక్రాంతికి మా ఇంట్లో ఒక తప్పు జరిగింది. చేసింది నేనే. కాబట్టి ముందు నా తప్పు చెప్పుకుని, ఆ తర్వాత తిట్టాల్సిన వాళ్ళను తిడతాను.

కొత్తగా చదివేవాళ్ళ కోసం చెప్తున్నా, మాది శ్రీరాంపూర్. మంచిర్యాల పక్కన బొగ్గుబావుల ఊరు. మా ఆయన సింగరేణిలో పనిచేస్తారు. ఆయనకు నైట్ షిఫ్ట్ నడిచే వారమంతా పగలు మా ఇంట్లో కుక్కర్ కూడా భయం భయంగా విజిల్ వేస్తుంది. మా మరిది దుబాయ్‌లో ఉంటాడు, రెండేళ్ళకోసారి వస్తాడు. మూడేళ్ళ కింద ఒక రాత్రి ఫోన్ చేసి, "వదినా, అమ్మ పచ్చిపులుసు ఎట్ల చేస్తదో జర వీడియో తీసి పంపరాదూ, ఇక్కడ మేం నలుగురం కలిసి చేసుకుంటే నీళ్ళ లెక్కనే అయితాంది" అన్నాడు. అట్లా మొదలైంది నా యూట్యూబ్ చానల్. ఒకటి తీశాను, రెండు తీశాను, చుట్టాలు చూశారు, చుట్టాల చుట్టాలు చూశారు. నిరుటికి మూడు వందల మంది దాటారు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ మూడు వందల మంది చూస్తున్నారంటే మనకు మనమే కొంచెం పొడుగైనట్టు అనిపిస్తుంది కదా. దసరా తర్వాత ఒక ఆన్‌లైన్ క్లాసులో చేరాను. పేరు చెప్పను, ఒక్కరిని అంటే మిగతావాళ్ళు మంచివాళ్ళైపోతారు. ఫీజు 3,999. వీడియోలు ప్రొఫెషనల్‌గా ఎలా తీయాలో నేర్పిస్తామన్నారు. మొదటి రోజు చెప్పిన మొదటి మాట ఇది: "మీ వీడియో చూస్తే ఒక హౌస్‌వైఫ్ ఇంట్లో తీసినట్టు అస్సలు తెలియకూడదు."

నేను హౌస్‌వైఫ్‌నే. తీసేది ఇంట్లోనే. మరి ఎందుకు తెలియకూడదో ఆ రోజు నేను అడగలేదు. నోట్ పుస్తకంలో బుద్ధిగా రాసుకున్నాను.

ఆ పుస్తకం ఇప్పటికీ ఉంది. అందులో ఉన్నవి ఇవీ: రింగ్ లైట్ కొనాలి. వెనక గోడకు ఇటుకల డిజైన్ స్టిక్కర్ అంటించాలి. సత్తు గిన్నెలు, మసిబట్టలు కనపడొద్దు, గాజు సీసాలు, చెక్క గరిటెలు పెట్టాలి. ముఖానికి బ్యూటీ ఫిల్టర్ వాడాలి. అన్నిటికంటే కింద, రెండు గీతలు కొట్టి, "న్యూట్రల్ తెలుగు మాట్లాడాలి, యాస ఉంటే ఆడియన్స్ తగ్గుతారు."

ఇవన్నీ పట్టుకుని సంక్రాంతికి సకినాలు తీద్దామనుకున్నాను. మా అత్తమ్మ సకినాలు చుడితే చూడాలి. కొత్త బియ్యం నానబెట్టి, దంచి, జల్లించిన తడి పిండి, నువ్వులు, వాము, ఉప్పు, అంతే. ఉతికిన పాత చీర నేల మీద పరిచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండిని మెలితిప్పుతూ వరుస మీద వరుస చుడుతుంది. కళ్ళు ఎక్కడో ఉంటాయి, నోరు పక్కింటి ముచ్చట చెప్తుంటుంది, వేళ్ళు మాత్రం తప్పవు.

ఆ మనిషిని నేను కుర్చీలో కూర్చోబెట్టాను. పాత చీర తీసేసి టేబుల్ మీద తెల్ల గుడ్డ పరిచాను. ముఖం మీదికి రింగ్ లైట్ పెట్టాను. "అత్తమ్మా, తీసుకోవాలె అనకు, తీసుకోవాలి అను. గిట్ల అనకు, ఇలా అను" అన్నాను. ఆమె అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఒక్క వాక్యం ఏడుసార్లు చెప్పించాను. ఏడోసారి చేతిలో పిండి ఆరిపోయి, చుట్టు తెగిపోయింది. నేను ఆమె చుడితే తెగడం ఇరవై ఏళ్ళల్లో చూడలేదు. పిండి గిన్నె పక్కకు నెట్టి, "నాకు అస్తలేదు బిడ్డా. మంచిగ మాట్లాడేటోళ్ళను ఎవరినన్న పిలుచుకో" అని లేచి లోపలికి పోయింది.

మిగిలిన ముక్కలు అతికించి, వెనక వీణ సంగీతం పెట్టి, వీడియో పెట్టాను. మెరిసిపోయింది. మా చిన్నది చూసి, "అమ్మా, బాపమ్మ ముడతలు ఏవి? వేరే ఎవరో ఉన్నట్టున్నది" అన్నది. రాత్రి మరిది ఫోన్ చేశాడు. మెచ్చుకుంటాడని స్పీకర్ పెట్టాను. "వదినా, అమ్మకు పాణం మంచిగ లేదా? టీవీలోల్ల లెక్క మాట్లాడవట్టె. నేను మొత్తం చూడలేదు" అన్నాడు.

పక్క గదిలో మా ఆయన డ్యూటీకి తయారవుతూ అన్నీ విన్నారు. ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటే పోట్లాడుకునేవాళ్ళం, నాకు కొంచెం తేలికయ్యేది.

ఇదీ నా తప్పు. ఇప్పుడు నా కోపం.

ప్రొఫెషనల్ అనే ఒక్క మాట కింద మనకు రెండు వేరువేరు సరుకులు కలిపి అమ్ముతున్నారు. ఒకటి, వీడియో స్పష్టంగా కనపడటం, స్పష్టంగా వినపడటం. ఇది నేర్చుకోవాల్సిన పని, నేర్చుకుంటే వచ్చే పని. రెండోది, మన ఇల్లు మన ఇల్లులా, మన మనిషి మన మనిషిలా, మన మాట మన మాటలా కనపడకుండా చేయడం. ఇది పని కాదు, సిగ్గు. మొదటిదానికి పెద్దగా ఖర్చు లేదు. అందుకే వాళ్ళు రెండోదే ఎక్కువ నేర్పుతారు. స్టిక్కర్లు, లైట్లు, ఫిల్టర్లు, మళ్ళీ అడ్వాన్స్‌డ్ క్లాసు, అన్నీ సిగ్గు మీదే అమ్ముడుపోతాయి. మీ ఇల్లు బాగానే ఉందమ్మా అంటే ఎవరు ఏం కొంటారు?

యాస ఉంటే జనం చూడరన్న మాట అబద్ధం. ఇది నా అభిప్రాయం కాదు, మన కళ్ళ ముందున్న సంగతి. మనకు దగ్గర్లోనే, జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో శ్రీకాంత్ శ్రీరామ్ 2012లో మై విలేజ్ షో మొదలుపెట్టారు. ఊరి మనుషులు, ఊరి గల్లీలు, ఊరి మాట. అందులోనే గంగవ్వ మనకు తెలిసింది. కూలి పని చేసిన మనిషి. ఆమెకు ఎవరైనా న్యూట్రల్ తెలుగు నేర్పి ఉంటే 2020లో బిగ్ బాస్ ఇంటి దాకా పోయేదా? ఆమె నోటి మాట కోసమే కదా జనం చూసింది!

ఇంకో సంగతి గమనించండి. మై విలేజ్ షో వీడియోలు మోటుగా ఉండవు. మాట ఊరిదే, కానీ ప్రతి మాటా వినపడుతుంది. ఎవరి ముఖం చూడాలో వాళ్ళ ముఖమే కనపడుతుంది. అనవసరమైన చోట కోత పడుతుంది. అంటే వాళ్ళు మొదటి సరుకు నేర్చుకున్నారు, రెండోది కొనలేదు.

గుంటూరు జిల్లా గుడివాడ గ్రామంలో మస్తానమ్మ గారు గుర్తున్నారా? కంట్రీ ఫుడ్స్ చానల్‌లో వందేళ్ళు దాటిన అవ్వ, పుచ్చకాయలో కోడికూర వండింది. ఆరుబయట, కట్టెల పొయ్యి ముందు, నేల మీద కూర్చుని వండింది. ఆమె భాష రాని దేశాలవాళ్ళు కూడా చూశారు. 2018లో ఆమె పోయినప్పుడు ఎక్కడెక్కడివాళ్ళో బాధపడ్డారు. ఆమె ముడతల మీద ఫిల్టర్ వేసి ఉంటే మనం ఏం చూసేవాళ్ళం?

యూట్యూబ్ సంగతి సరే, పెద్ద తెర సంగతికి రండి. 2023లో వచ్చిన బలగం సినిమాలో అందరూ మన కరీంనగర్ దిక్కు మాటే మాట్లాడారు. కెమెరా పనితనం ఉంది, సౌండ్ ఉంది, ఎడిటింగ్ ఉంది, మాట మాత్రం మనదే. ఊళ్ళల్లో తెరలు కట్టుకుని కూర్చుని చూసి ఏడ్చారు. ఒకప్పుడు సినిమాల్లో మన మాట రౌడీకో, నవ్వించేవాడికో ఇచ్చేవాళ్ళు. దాని నుంచి బయటపడటానికి ఇన్నేళ్ళు పట్టింది. ఇప్పుడు మనమే మన వంటింట్లో, మన అత్తమ్మకు, మన చేతులతో ఆ పాత సిగ్గును మళ్ళీ నేర్పుతున్నాం. నేనేమీ తక్కువ కాదు. ఇది రాస్తుంటే కూడా నాకు సగం పుస్తకం మాటే వస్తున్నది. బడిలో పడ్డ అలవాటు. అది నా అలవాటు, దాన్ని అత్తమ్మ నెత్తిన రుద్దే హక్కు నాకు లేదు.

"అయితే ఎట్లా తీసినా ఫర్వాలేదంటావా?" అని మీరు అడుగుతారు. మా పక్కింటి వదిన అడిగింది కూడా. లేదు, అది కూడా తప్పే. ఫోన్ ఊపుతూ, ఫ్యాను గాలి హోరులో, కిటికీకి వీపు పెట్టి నల్లటి ముఖంతో పది నిమిషాలు మాట్లాడితే, చూసేవాళ్ళ టైము తిన్నట్టే. ఇంటికి వచ్చినవాళ్ళకు పట్టుచీర కట్టుకుని ఎదురు పోనక్కర్లేదు, కానీ కూర్చోవడానికి చోటు తుడిచి ఇవ్వాలి. వీడియో కూడా అంతే. ఆ క్లాసులో చివరి రోజు పదిహేను నిమిషాల్లో ముగించిన విషయాలూ, తర్వాత నేను పడుతూ లేస్తూ నేర్చుకున్నవీ ఇక్కడ ఊరికే చెప్తున్నాను. 3,999 మీకు మిగిలినట్టే.

మొట్టమొదట వినపడటం. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా జనం ఓర్చుకుంటారు, మాట వినపడకపోతే వెళ్ళిపోతారు. నోటికీ మైకుకూ దూరం రెట్టింపైతే మాట బలం నాలుగో వంతుకు పడిపోతుంది. ఫ్యాను చప్పుడు, గల్లీలో బండ్ల చప్పుడు మాత్రం తగ్గవు. అందుకే దూరం నుంచి తీస్తే మాట మునిగిపోతుంది. కొత్త మైకు లేకపోయినా ఫర్వాలేదు. ఇంట్లో పాత ఫోన్ ఒకటి ఉంటుంది కదా, దానిలో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి మనిషి దగ్గర, కెమెరాకు కనపడకుండా పెట్టండి. రెండూ ఆన్ చేశాక ఒక్క చప్పట్లు కొట్టండి. ఎడిటింగ్‌లో ఆ చప్పట్ల చప్పుడు దగ్గర రెండింటినీ కలిపితే సరిపోతుంది. సినిమావాళ్ళు క్లాప్ కొట్టేది అందుకే. గది ఖాళీగా ఉండి మాట గుడిలోలా మోగుతుంటే ఎదురుగా ఒక బొంత వేలాడదీయండి. స్టిక్కర్ గోడ కంటే బొంత వెయ్యి రెట్లు మేలు.

రెండోది వెలుతురు. కిటికీ ముఖానికి ఎదురుగానో పక్కగానో ఉండాలి, వెనక ఉండకూడదు. ట్యూబ్‌లైట్ కింద తీస్తే గోడ మీద చారలు పాకడం చూశారా? ఫోన్ పాడైందనుకుంటాం. కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్, పాత ట్యూబ్‌లైట్ సెకనుకు 100 సార్లు మినుకుతుంది, ఫోన్ సెకనుకు 30 బొమ్మలు తీస్తుంది. ఆ లెక్క కుదరక చారలు వస్తాయి. ఫోన్ కెమెరాలో ప్రో మోడ్ ఉంటే షటర్ 1/50 కానీ 1/100 కానీ పెట్టండి. లేకపోతే లైటు ఆపి కిటికీ తెరవండి. పొద్దున ఎనిమిదింటి ఎండకు డబ్బులు అడిగేవాళ్ళు లేరు. తెరమీద మనిషి ముఖాన్ని కాసేపు అదిమి పట్టుకుంటే వెలుగు, ఫోకస్ అక్కడ ఆగిపోతాయి, పొయ్యి మంట పెరిగినప్పుడల్లా బొమ్మ నల్లబడదు.

మూడోది, ఊగకుండా ఉండటం. చిన్న గుడ్డ సంచిలో కిలో పప్పు పోసి మూతి కట్టి, బియ్యం డబ్బా మీద పెట్టి, అందులో ఫోన్ దిగేయండి. కదలదు. దగ్గరగా చూపించాలంటే జూమ్ చేయకండి, ఫోన్ పట్టుకుని దగ్గరికి పోండి. జూమ్ చేస్తే బొమ్మ పగిలిపోతుంది. తీసే ముందు లెన్స్ తుడవండి. వంటింట్లో మన ఫోన్లకు ఉండే నూనె వేలిముద్రలే సగం మసకకు కారణం. ముందు కెమెరా కంటే వెనక కెమెరా మేలు.

నాలుగోది కోత. పోపు ఎప్పుడు వేయాలో చూపించండి, పోపు గింజల డబ్బా వెతకడం చూపించకండి. కానీ మనిషి నవ్వు, మధ్యలో వచ్చిన ముచ్చట కోయకండి. ఏది కోయాలో ఏది ఉంచాలో తెలియడమే అసలు పనితనం. దానికి యాప్ లేదు, మన బుద్ధే.

ఇంతే. ఇందులో ఎక్కడైనా అత్తమ్మ మాట మార్చాల్సిన అవసరం వచ్చిందా? పాత చీర తీసేయాల్సి వచ్చిందా? సత్తు గిన్నె దాచాల్సి వచ్చిందా?

ఇంకో వాదన ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోను. "నీకు మరిది కోసం సరదా, మాకు నాలుగు డబ్బులు రావాలి" అనే అక్కాచెల్లెళ్ళు ఉన్నారు. నిజమే. బీడీలు చుట్టి, మిషన్ కుట్టి ఇల్లు నడిపేవాళ్ళున్న ఊళ్ళు మనవి. ఫోన్‌తో నాలుగు రూపాయలు వస్తాయంటే ఆశపడటం తప్పు కాదు. కానీ లెక్క తెలుసుకుని దిగండి. యూట్యూబ్‌లో యాడ్స్ డబ్బులు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటలు చూసిన లెక్క ఉండాలి, లేదంటే షార్ట్స్‌కు 90 రోజుల్లో కోటి వ్యూస్ రావాలి. అక్కడికి చేరకముందే గ్రూపులో అప్పు తీసి లైటు, కెమెరా, క్లాసు కొంటే, డబ్బు సంపాదించేది మీరు కాదు, మీకు అమ్మినవాళ్ళు. పైగా అందరూ అదే ఇటుకల స్టిక్కర్ ముందు, అదే వీణ సంగీతంతో, అదే మాటతో సకినాలు చేస్తుంటే మీ వీడియోనే ఎందుకు చూడాలి? మీ దగ్గర ఉండి వేరేవాళ్ళ దగ్గర లేనిది ఏది? మీ ఇల్లు, మీ మనుషులు, మీ మాట. దాన్నే తీసి బయట పడేయమంటున్నారు, జాగ్రత్త.

యూట్యూబ్‌లో పెట్టిన మొట్టమొదటి వీడియో ఏదో తెలుసా? 2005 ఏప్రిల్ 23న పెట్టారు. జూలో ఏనుగుల ముందు నిలబడి ఒక కుర్రాడు ఏనుగుల తొండాల గురించి మాట్లాడాడు. 19 సెకన్లు. యూట్యూబ్ పెట్టిన వాళ్ళలో ఒకడే అతను. మామూలు మనుషులు మామూలుగా మాట్లాడుకోవడానికే ఇది మొదలైంది. మనం వచ్చేసరికి స్టూడియో చేశారు.

మా అత్తమ్మ తర్వాత నెల రోజులు ఫోన్ కెమెరా కనపడితే లేచి పోయేది. వీడియో కాల్‌లో కొడుకుతో కూడా తక్కువ మాట్లాడింది. "నేను మాట్లాడితే మంచిగుండదట" అని పక్కింట్లో అన్నదని తెలిసింది. నాకు అన్నం సహించలేదు. ఒక మనిషి అరవై ఎనిమిదేళ్ళు మాట్లాడిన మాట మీద ఆమెకే అనుమానం పుట్టించాను, అదీ ఆమె కొడుకుతో మాట్లాడే మాట మీద. ఏ లైటు పెడితే అది పోతుంది?

ఆ వీడియో తీసేశాను. అత్తమ్మ దగ్గర కూర్చుని, "తప్పు నాదే అత్తమ్మా, నీ మాట బాగలేక కాదు, నాకు బుద్ధి లేక" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంది. కొంచెం సేపయ్యాక, "నువ్వు చెప్పినప్పుడు గా గుడ్డ మీద పిండి జారుతాందే. పాత చీరయితే పట్టుకుంటది. గది చెప్పాలె గద వీడియోల" అన్నది.

నాకు అప్పుడు తెలిసింది. పాత చీర ఎందుకు పరుస్తారన్నది ఆమెకు తెలిసిన పనితనం. చుట్టు కదలకుండా పట్టుకోవడానికి, తడి పీల్చుకోవడానికి. నేను దాన్ని మసిగుడ్డ అనుకుని తీసేశాను. ఆ గదిలో ప్రొఫెషనల్ ఒక్కరే ఉన్నారు, ఆమెను నేను కుర్చీలో కూర్చోబెట్టి మాటలు దిద్దాను.

మళ్ళీ సంక్రాంతికి ఆమె ఒప్పుకుంటే తీస్తాను. ఒప్పుకోకపోతే తీయను, పక్కన కూర్చుని చుట్టడం నేర్చుకుంటాను. ఒప్పుకుంటే మాత్రం నేల మీదే, పాత చీర మీదే, కిటికీ దగ్గరే. పాత ఫోన్ ఆమె పక్కన పెట్టి, ఒక్క చప్పట్లు కొట్టి, నేను నోరు మూసుకుంటాను.

మీ ఇంట్లో కూడా ఒక అమ్మో, అత్తమ్మో, అవ్వో ఉండే ఉంటుంది. ఈ ఆదివారం తీయండి. లెన్స్ తుడవండి, కిటికీ తెరవండి, దగ్గర కూర్చోండి. ఆమె మాట మాత్రం ముట్టుకోకండి.